గీకని వైపు

ఆ ఆరు నెలల్లో నేను ఆ ఫెర్రీ ఎక్కని రోజులు పట్టుమని పది లేవు. వాటిలో నాలుగు జ్వరంతో పడుకున్నవి. అవతలి ఒడ్డున నాకు పనేమీ లేదు. వెళ్లడం, దిగకుండా అదే పడవలో తిరిగి రావడం. అందరూ ఒడ్డు కేసి చూస్తుంటే నేను మాత్రం రెయిలింగు మీదుగా వంగి, అలకి అలకి మధ్య బయటపడే జానెడు పడవ పొట్టని చూసేదాన్ని. పడవ నడిపే సరంగు రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు పక్కకి వచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

నేను దూకేస్తానని ఆయన భయం.

"బాగానే ఉన్నారండీ. పడవ అడుగు చూస్తున్నాను."

"రోజూ అలా గుచ్చిగుచ్చి చూస్తే దానికి దిష్టి తగులుతుందేమో," అన్నాడు.

నవ్వడానికి నాకు తీరిక లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ల్యాబులో కూర్చుంటే పడవ గుర్తొచ్చేది, పడవలో కూర్చుంటే క్యాలెండరు గుర్తొచ్చేది, ఇంట్లో కూర్చుంటే అన్నయ్య దగ్గు గుర్తొచ్చేది. అసలు కూర్చుంటే కదా.

నేను పడవల యార్డు పక్కనే ఉన్న రంగుల ల్యాబులో పనిచేస్తాను. ల్యాబు అనగానే ఏదో ఊహించుకోకండి. రెండు గదులు, ఒక తూకం, రంగు కలిపే యంత్రం ఒకటి, సగం మాత్రమే తెరుచుకునే ఒక కిటికీ. పడవ నీళ్లలో ఉంటే దాని అడుగున ముందు పాచి పడుతుంది. ఆ తరవాత నాచు. ఆపైన తెల్లటి సున్నపు గుల్లలు వచ్చి అతుక్కుంటాయి. వచ్చేటప్పుడు ఆవగింజంత ఉండేది చూస్తుండగానే చొక్కా గుండీ అంత అవుతుంది. అలాంటివి వేలు పట్టాక పడవ అడుగు ముందుకు వెయ్యనని మొరాయిస్తుంది, డీజిలు మాత్రం రెట్టింపు తాగుతుంది. అందుకని పడవల అడుక్కి విషం పూస్తారు. మా యార్డులో పూసేది రాగి కలిపిన ఎర్ర రంగు. అందులోంచి విషం కొద్దికొద్దిగా నీళ్లలోకి కారుతూ ఉంటుంది. అతుక్కుందామని వచ్చిన గుల్ల పిల్లలు చస్తాయి. వాటితోపాటు పాపం ఏ పడవ జోలికీ పోనివి కూడా చస్తాయి. మా యార్డు గోడ కింద నీళ్లలో చెయ్యి పెడితే వట్టి రాయి తగులుతుంది, ప్రాణమున్నది ఏదీ తగలదు.

ఆ ఎర్ర రంగు ఏడాదికి పాతబడుతుంది. దాన్ని గీకి, రుద్ది, కొత్తది వెయ్యాలి. గీకేది మా అన్నయ్య.

ఇరవై ఆరేళ్లుగా అదే పని. పడవ కింద చెక్క పరుచుకుని వెల్లకిలా పడుకుంటాడు. ముఖానికి ఒక గుడ్డ. పైనుంచి ఎర్రటి దుమ్ము రాలుతూనే ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే సింకు ఎర్రబడుతుంది. వదిన పెళ్లయిన కొత్తలో అది చూసి నెత్తురనుకుని కేకపెట్టిందట. ఇప్పుడు పీచుతో తోమేసి ఊరుకుంటుంది. నిరుడు ఛాతీ డాక్టరు ఫొటో తీసి చూసి, ఇంకొక్క సీజను ఆ దుమ్ములో పనిచేస్తే మెట్లెక్కడానికి కూడా ఆక్సిజను సిలిండరు మోసుకెళ్లాల్సి వస్తుందని చెప్పాడు. అన్నయ్య ఇంటికొచ్చి, "కుర్ర డాక్టరు. ఫొటో సరిగ్గా తియ్యడం రాలేదు," అని చెప్పి పడుకున్నాడు. ఇంకో పని చూసుకోమంటే వినడు. "నాకు తెలిసిందిదే," అంటాడు. మొండిఘటం. మా ఇంట్లో అందరమూ అంతే, నన్ను కూడా కలుపుకుని.

ఆ మొండితనంతోనే నేను మూడేళ్లు కూర్చుని ఒక పూత తయారుచేశాను. అందులో విషం లేదు. ఎండాక రబ్బరులాంటి నున్నటి చర్మం అవుతుంది. గుల్లలు వచ్చి అతుక్కోవచ్చు, కానీ దాని మీద వాటికి పట్టు చిక్కదు. పడవ జోరుగా నడిస్తే నీళ్ల ఒరిపిడికే రాలిపోతాయి. దాన్ని గీకే పనే లేదు. గీకకూడదు కూడా. మెత్తటి చర్మం కదా, గీత పడిందంటే ఆ గీతలో గుల్లకి కాలు నిలుస్తుంది.

యార్డు యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఎనిమిది ఫెర్రీలు ఆయనవే. ఆయన చెవిలో జోరీగలా నేను పోరగా పోరగా ఒక్క ఫెర్రీ ఇచ్చాడు.

"ఆరు నెలలు," అన్నాడు. "పైకి లాగిన రోజు అడుగు శుభ్రంగా ఉంటే ఎనిమిదింటికీ ఇదే వేయిద్దాం. లేదూ, సోమవారం నుంచి మళ్లీ ఎర్ర రంగే. ఆ తరవాత ఈ మాట ఎత్తుకుని నా గదికి రాకూడదు."

సోమవారం నుంచి ఎర్ర రంగు అంటే, సోమవారం నుంచి అన్నయ్య పడవల కింద వెల్లకిలా పడుకోవడం. డాక్టరు చెప్పిన ఆ ఇంకొక్క సీజను అదే. నా పూత గెలవడం ఓడడం నాకు పట్టదని చెప్పను, పడుతుంది. కానీ నాకు గుండె దడ వచ్చేది ఆ సోమవారం తలుచుకుంటేనే.

అన్నయ్య గీకే రేకు గురించి చెప్పాలి. నాలుగు వేళ్ల వెడల్పు ఇనుప రేకు, కర్ర పిడి. పనిలో చేరిన రోజు ఇచ్చింది, ఇప్పటికీ అదే. ఎప్పుడో మేకు తగిలి పదును మధ్యలో చిన్న గాటు పడింది. దాంతో గీకితే పట్టీ మధ్యన సన్నగా ఒక గీత గీకకుండా మిగిలిపోతుంది. నేను చిన్నప్పుడు యార్డుకి వెళ్లి, "అన్నయ్యా, పడవకి పాపిడి తీశావా?" అని ఏడిపించేదాన్ని. తను రెండోసారి కాస్త పక్కగా గీకి ఆ పాపిడి చెరిపేసేవాడు. కొత్త రేకు తీసుకోడు. ఆ రేకుతో ఇరవై ఆరేళ్లలో ఏ పడవకీ చెక్క మీద గీత పడనివ్వలేదని తన గొప్ప. యార్డులో కొత్తగా చేరినవాడికి ముందు ఆ సంగతి చెప్పి తరవాత పేరు అడుగుతాడు.

నా పూత వేసిన రోజు యార్డంతా గుమిగూడింది. అన్నయ్య వేలితో పూతని తాకి, వాసన చూసి, అందరికీ వినపడేలా అన్నాడు.

"మా చెల్లి రంగు మీద గుల్లలు జారిపడి నడుం విరగ్గొట్టుకుంటాయట. పక్కనే వాటికో ఆసుపత్రి కూడా కట్టించాలి."

అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజునుంచి యార్డులో నా పేరు జారుడమ్మ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సాయంత్రం నేరుగా వాళ్లింటికి వెళ్లాను. వదిన ఎదురుగానే అనేశాను.

"నవ్వు, బాగా నవ్వు. నీ ఊపిరితిత్తులు నవ్వలేక దగ్గుతున్నాయి, వినపడటం లేదా?"

అన్నయ్య చేతిలో గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అది అనవలసిన మాట కాదు. అన్నాక వెనక్కి తీసుకునే గుణం నాకు లేదు. ఆ తరవాత మా ఇద్దరి మధ్య పిల్లల చదువులు వచ్చాయి, వదిన మోకాలి నొప్పి వచ్చింది, రంగు మాట మాత్రం రాలేదు.

మిగతా అందరికీ చెప్పాను. పెద్ద అక్షరాలతో కాగితం రాసి సరంగు గదిలో అంటించాను. ఒకటి, పడవ రోజూ నడవాలి. రెండు, అడుగు భాగానికి గట్టి వస్తువేదీ తగలకూడదు. మూడు, పాచి కనపడితే కంగారు పడొద్దు, తడి స్పాంజితో తుడిస్తే చాలు. సరంగుకి చదివి వినిపించాను. తాడు కట్టేవాడికి చెప్పాను. మెకానిక్కుకి రెండుసార్లు చెప్పాను. టికెట్ల కిటికీలో ఉండే ఆవిడకి కూడా చెప్పాను.

"నాకెందుకమ్మా ఇవన్నీ?" అంది ఆవిడ.

"ఎందుకైనా మంచిది," అన్నాను.

అన్నయ్యకి చెప్పలేదు. చెబితే మళ్లీ నవ్వుతాడని.

నాలుగో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో భోంచేశాం. వదిన గిన్నెలు తోముతోంది, నేను తుడిచి పెడుతున్నాను. అన్నయ్య వంటగది గుమ్మానికి ఆనుకుని, గోడ కేసి చూస్తూ అడిగాడు.

"ఆ నీ పూత మీద పాచి పడుతుందా?"

"పడితే?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే అయితే ఊరుకో. నీకెందుకా గొడవ? నీకు ఎర్ర రంగు ఉందిగా," అన్నాను.

వదిన నన్నొక చూపు చూసింది. అన్నయ్య లోపలికి వెళ్లి పడుకున్నాడు. గిన్నె తుడుస్తూ నాలో నేనే పళ్లు నూరుకున్నాను. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు.

మర్నాడే జ్వరం. నాలుగు రోజులు తల ఎత్తలేకపోయాను. ఆ నాలుగు రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ప్రొపెల్లరు బోల్టు మార్చడానికి ఆ ఫెర్రీని పట్టాల మీద పైకి లాగారట. అయిదో రోజు ఆ మాట విని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తాను.

"అడుగు చూశావా?"

"చూశానండీ. కాస్త పాచి ఉంది, అంతే."

"ఎవరూ ముట్టుకోలేదుగా?"

"నేను బోల్టు బిగించి ఇంజను గదిలోకి వెళ్లిపోయాను. పెద్దాయన భోజనానికి వెళ్లాడు. అయినా ఎవరు ముట్టుకుంటారండీ, మీరంటే అందరికీ హడలు," అన్నాడు.

నిజమే అనుకున్నాను. కానీ ఆ రోజునుంచి ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మిగిలిన రెండు నెలలూ రెయిలింగు మీద ఇంకొంచెం ఎక్కువ వంగాను. కనిపించే ఆ జానెడూ శుభ్రంగానే ఉంది. కనిపించనిది ఎలా ఉందో కనిపించదు కదా. సరంగు నాకోసం కుర్చీ తెచ్చి వేశాడు. ఒక్క రోజూ కూర్చోలేదు.

పైకి లాగే రోజు శుక్రవారం. పొద్దున్నే యార్డుకి వెళ్లి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను, ఎందుకో తెలియదు. ఇనుప తాడు బిగుసుకుంది. పట్టాల మీద ఫెర్రీ ఇంచీ ఇంచీ పైకొచ్చింది. నీళ్లు కారుతున్నాయి. ముందు కుడివైపు కనిపించింది. బూడిద రంగు పాచి, అంతే. పైపుతో నీళ్లు కొట్టగానే అది జారిపోయి కింద నా పూత తళతళలాడింది. ముందు కొసన రెండు గుల్లలు తప్ప ఇంకేమీ లేవు. తాడు కట్టేవాడు, "జారుడమ్మా, నెగ్గేశావ్!" అని అరిచాడు.

పెద్దాయన పడవ చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్లాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఇదేంటి?" అన్నాడు.

వెళ్లి చూశాను. ఎడమవైపు పొట్టనిండా గుల్లల పట్టీలు. ఒకదాని పక్కన ఒకటి, బారెడేసి పొడుగు. చొక్కా గుండీలంత గుల్లలు, ఒత్తుగా, వరసగా. పట్టీకీ పట్టీకీ మధ్యన నా పూత నున్నగా, శుభ్రంగా ఉంది. గుల్లలు వాటంతట అవి అలా వరసలు కట్టవు. దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించాను. సరిగ్గా నాలుగు వేళ్ల వెడల్పు. ప్రతి పట్టీ మధ్యనా సన్నగా, తిన్నగా ఒక ఖాళీ గీత.

పాపిడి.

తల తిప్పి చూశాను. గుంపు వెనకాల అన్నయ్య, చేతులు జేబుల్లో పెట్టుకుని, పడవని చూడటం లేదు. నేల కేసి చూస్తున్నాడు.

నోరు విప్పితే పూత బతుకుతుంది. గీకిన చోట మాత్రమే గుల్లలు పట్టాయి, గీకని చోట పట్టలేదు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కానీ నోరు విప్పితే ఇరవై ఆరేళ్లలో ఒక్క గీత పడనివ్వని మనిషి ఉండడు. యజమాని చెప్పకుండా పడవ మీద చెయ్యి వేసినవాణ్ని ఆ యార్డులో ఉంచరు. విప్పకపోతే సోమవారం. పుట్టి బుద్ధెరిగాక ఏ మాటా ఆపుకోలేని నా నోరు ఆ రోజు పెగల్లేదు. అన్నయ్య మీద ఒళ్లు మండిపోతోంది. అదే సమయంలో వెళ్లి తనకి అడ్డంగా నిలబడాలనిపిస్తోంది.

"ఒకవైపు పట్టిందంటే రేపు రెండోవైపూ పడుతుంది," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు. "నీ కష్టం కాదనను తల్లీ. సోమవారం ఎర్ర రంగు కలపమని చెప్పు."

ఆయన వెనక్కి తిరిగాడు.

అన్నయ్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. వెనక జేబులోంచి రేకు తీశాడు. ఒక పట్టీ కొస దగ్గర, గుల్లలు మొదలయ్యే చోట రేకు ఆనించాడు. వెడల్పు అతికినట్టు సరిపోయింది. గాటు వెళ్లి సరిగ్గా పాపిడి మీద కూర్చుంది.

"పెద్దాయనా, ఇవి నా గీతలు," అన్నాడు.

పెద్దాయన రేకునీ పట్టీనీ మార్చి మార్చి చూశాడు.

"నీవా?" అన్నాడు పెద్దాయన. "నువ్వా?"

"బోల్టు మార్చిన రోజు. పాచి చూశాను. అది చూస్తే మీరు ఒప్పుకోరని భయమేసింది. మా చెల్లి మూడేళ్ల కష్టం. నాకు తెలిసింది గీకడమే, హడావిడిగా ఒక్కసారి గీకాను. కుడివైపుకి వెళ్లేలోపు పడవ దింపేశారు." దగ్గు తెర వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అన్నాడు. "పూత తప్పేమీ లేదు. నేను ముట్టుకోని వైపు చూడండి."

పెద్దాయన కుడివైపుకి వెళ్లాడు. ముందు కొసన ఉన్న రెండు గుల్లల్లో ఒకదాన్ని బొటనవేలితో నెట్టాడు. అది టప్పున రాలింది. రెండోదాన్ని నెట్టాడు. అదీ రాలింది. చాలాసేపు తన బొటనవేలినే చూసుకున్నాడు.

"మూడు పడవలకి వెయ్యండి," అన్నాడు నాతో. "మిగతా అయిదూ వచ్చే ఏడు చూద్దాం." తరవాత అన్నయ్య వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం ఇక నా పడవల కిందికి రాకు. నువ్వు చేసిన పని నేనెప్పుడూ వంగి చూసుకోలేదయ్యా. ఇక మీద చూసుకోవాలి. ఈ వయసులో నా నడుం వంగదు."

అన్నయ్య తల ఊపాడు. ఒక్కరూ నవ్వలేదు. జారుడమ్మ అని అరిచినవాడు కూడా చేతిలో తాడు చూసుకుంటూ నిలబడ్డాడు. నవ్వినా బాగుండేదనిపించింది.

అన్నయ్య పడవల కిందికి వెళ్లకూడదనే నేను మూడేళ్లు తపించింది. అది జరిగింది. ఇలా జరిగింది. గేటు దాటేదాకా బిగబట్టుకుని, దాటగానే ఏడ్చేశాను. ఏడుస్తూనే తిట్టాను, నాకు ఇంకోలా రాదు.

"ఎందుకు ముట్టుకున్నావు? గట్టి వస్తువు తగలకూడదని ఇంతింత అక్షరాలు రాసి అంటించానే!"

"ఎక్కడ అంటించావు?"

"సరంగు గదిలో."

"నేనెప్పుడన్నా పడవ పైకెక్కానా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "నా చోటు కిందే కదే."

టికెట్లమ్మకి చెప్పిన నోరు ఇది. ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి, గోడ కేసి చూస్తూ, పాచి పడుతుందా అని అడిగిన మనిషికి, నీకెందుకు అని చెప్పిన నోరు. ఆ గీతలన్నీ తన చేత్తో గీసినవే, కానీ నేను గీయించినవి. ఆ మాట తనతో అన్నాను కూడా. "సర్లే, నడు," అన్నాడు.

సోమవారం పొద్దున ల్యాబులో మూడు పడవలకి సరిపడా పూత కలుపుతున్నాను. కిటికీలోంచి యార్డు కనిపిస్తోంది. అయిదు పడవల్లో మొదటిదాని కింద ఎవరో కొత్త మనిషి, ముఖానికి గుడ్డ కట్టుకుని, వెల్లకిలా పడుకుని గీకుతున్నాడు. ఎర్ర దుమ్ము రాలుతోంది. మూడు పడవలు గెలిచానన్న సంతోషం ఆ గుడ్డని చూసేసరికి సగమైపోయింది. ల్యాబులో ఉన్న మంచి మాస్కు ఒకటి పట్టుకెళ్లి ఇచ్చాను, దుమ్ము లేవకుండా తడిపి గీకమని చెప్పాను. ఆయన పేరు కూడా అడగకుండా తిరిగొచ్చాను. ఆ మాస్కు ఎన్నాళ్లు కట్టుకుంటాడో ఏమో. వచ్చాక యంత్రం తిరుగుతుంటే నేనూ గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి తిరుగుతూనే ఉన్నాను.

తలుపు చప్పుడైంది. అన్నయ్య. తల తడిపి దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా. వెనక జేబు ఖాళీగా వేలాడుతోంది. చేతిలో కొత్త స్పాంజి, ఇంకా కవరు విప్పలేదు. ఇన్నేళ్లలో నా ల్యాబు గడప తొక్కడం అదే మొదటిసారి. ఎక్కడ కూర్చోవాలో తెలియక చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. స్పాంజితో తుడిచే పనికి తనని పెట్టుకుంటానంటే పెద్దాయన ఏమంటాడో తెలియదు, నేను ఇంకా అడగలేదు.

"అందరికీ చెప్పావట కదా," అన్నాడు. "టికెట్లమ్మకి కూడా. నాకూ చెప్పు."

యంత్రం ఆపేశాను. డ్రాయరులో ఉన్న కాగితం నకలు తీసి, ఎదురుగా నిలబడి, చదవడం మొదలుపెట్టాను. ఒకటి, పడవ రోజూ నడవాలి. రెండు, అడుగు భాగానికి గట్టి వస్తువేదీ తగలకూడదు. గబగబా మూడోదానికి వెళ్లిపోబోయాను.

అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు.

"రెండోది మళ్లీ చదువు."